ఎర్ర గౌను, వెండి దండం, ఇంటి పన్ను

మా ఊరు మునిసిపాలిటీ అయిందని మాకు తెలిసింది బోర్డు చూసే. పంచాయతీ ఆఫీసు గోడ మీద "గ్రామ పంచాయతీ కార్యాలయం" అని ఉన్న చోట నీలం రంగు కొట్టి, పైన తెల్లగా "పురపాలక సంఘ కార్యాలయం" అని రాయించారు. ఒక్క పూతతో సరిపెట్టారేమో, అడుగున ఉన్న "గ్రామ" ఇంకా కనబడుతూనే ఉంటుంది, వాన పడి గోడ తడిసిందంటే మరీ స్పష్టంగా. 2018లో తెలంగాణలో ఒక్క దెబ్బకి 68 కొత్త మునిసిపాలిటీలు పుట్టాయి, అందులో మాదొకటి. ఊళ్లో వాళ్లని అడక్కుండా ఊరి రాతే మార్చేస్తారా అని మా మిత్రులు కొందరు ఇప్పటికీ టీకొట్టు దగ్గర ఆవేశపడుతుంటారు. పాపం, వాళ్లకి చరిత్ర తెలియదు. ఈ దేశంలో మునిసిపల్ చార్టర్, అంటే ఊరికి మునిసిపాలిటీ హోదా ఇచ్చే పత్రం, మొట్టమొదట వచ్చింది కూడా అచ్చం ఇలాగే. కాకపోతే అందులో గౌన్లున్నాయి. మాకు గౌన్లు ఎందుకివ్వలేదన్నదే నా బాధ.

ఆ చార్టర్ మద్రాసుది. అక్కడి పాలకులు దామెర్ల నాయకుల దగ్గర చోటు పుచ్చుకుని 1639లో కుంపిణీ వాళ్లు, అంటే ఈస్టిండియా కంపెనీ దొరలు, కాలుపెట్టిన ఊరది, ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అయింది. యాభై ఏళ్లు తిరక్కముందే గోడలకీ కాలవలకీ డబ్బు కావలసి వచ్చింది. ఇంటి పన్ను వేద్దామని చూస్తే 1686లో బ్లాక్ టౌన్ జనం, అంటే కోట బయట ఉండే మనవాళ్లు, అంగళ్లు మూసుకుని కూర్చున్నారు. గవర్నరు బెదిరించాడు, అయినా పైసలు రాలలేదు. అప్పుడు లండన్‌లో కుంపిణీ పెద్ద సర్ జొసయా చైల్డ్‌కి ఒక ఆలోచన తట్టింది. మనం దౌర్జన్యంగా వేస్తే ఆరు పెన్నీలు ఇవ్వడానికి ఏడ్చే జనం, తమ మీద తామే వేసుకున్న పన్నయితే అయిదు షిల్లింగులు సంతోషంగా ఇస్తారు అని. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు. అంటే పది రెట్లు! స్థానిక స్వపరిపాలన మీద నేను విన్న ఉపన్యాసాలన్నిట్లో ఇంత నిజాయితీగా మాట్లాడిన మనిషి ఇంకొకడు లేడు.

ఇక చార్టర్ ఎలా ఆమోదం పొందిందో చూడండి. 1687 డిసెంబర్‌లో చైల్డ్ వెళ్లి ఇంగ్లండు రాజు రెండో జేమ్స్‌గారి సమక్షంలో కూర్చున్నాడు. అక్కడ చర్చంతా ఒక్కటే, దీని మీద ముద్ర ఎవరిది పడాలి, రాజుగారిదా, కుంపిణీదా. రాజుగారి ముద్రయితే అక్కడి వాళ్లకి పొగరెక్కి మా మాట వినరండీ అన్నాడు చైల్డ్. రాజుగారు సరే అన్నారు. డిసెంబర్ 30న కుంపిణీ ముద్ర పడింది. మద్రాసులో ఈ సంగతి ఒక్క పురుగుకి తెలియదు. అభ్యంతరాలు, సలహాలకి గడువేదీ అని మీరడగొచ్చు. ఓడ నెలల తరబడి సముద్రం మీదుంది కదా, అదే గడువు. మా ఊళ్లో మాత్రం ఈ విషయంలో చాలా ప్రజాస్వామికంగా నడిచింది. అభ్యంతరాల నోటీసు అంటించారు, అద్దాల నోటీసు బోర్డు లోపల, తాళం వేసి, అద్దం మీద పోలియో చుక్కల పోస్టర్ అతికించి.

1688 సెప్టెంబర్ 29న మద్రాసు కోటలో చార్టర్ చదివారు. గవర్నరు ఎలిహు యేల్, అవును, ఇప్పుడు మన పిల్లలు సీటు కోసం తపస్సు చేసే యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో ఆయనే. మేయరు నథానియల్ హిగిన్సన్. ఎన్నికల్లో గెలిచాడా అంటే లేదు, పేరు చార్టర్‌లోనే రాసి పంపారు. ఆల్డర్మన్లు, అంటే మేయరు పక్కన కూర్చునే పెద్ద సభ్యులు, పన్నెండు మంది, వాళ్ల పేర్లూ అందులోనే. ముగ్గురు ఇంగ్లీషు వాళ్లు, ఒక ఫ్రెంచి, ఇద్దరు పోర్చుగీసులు, ముగ్గురు యూదు వర్తకులు, ముగ్గురు మనవాళ్లు, అందులో కుంపిణీతో వ్యాపారం చేసే చిన్న వెంకటాద్రి ఒకడు. ఎన్ని రకాల వాళ్లని కూర్చారో చూశారా! టికెట్ల పంపకంలో మన పార్టీలు సామాజిక సమీకరణాలంటూ రాత్రంతా తలలు పట్టుకుంటాయి, వాళ్లు ఓడెక్కించకముందే తేల్చేశారు.

ఇక గౌన్లు. ఆల్డర్మన్లకి ఎర్ర సెర్జి గౌన్లు, అదీ ఇంగ్లీషు మోస్తరుగా కుట్టినవే ఉండాలి. సెర్జి అంటే ఉన్ని. సెప్టెంబర్‌లో. మద్రాసులో. వాళ్ల కింద ఉండే మామూలు సభ్యులు బర్జెస్‌లకి తెల్లటి చీనా పట్టు. మేయరు ముందు బంగారు పూత పూసిన వెండి దండాలు పట్టుకుని మనుషులు నడవాలి. గుర్రాలెక్కితే జీన్లూ కళ్లేలూ అన్నీ ఒకే తీరుగా ఉండాలి, లండన్ మేయరుగారికి ఉన్నట్టు. అన్నిటికంటే ముఖ్యమైనది గొడుగు. మేయరూ ఆల్డర్మన్లూ నెత్తిన గొడుగు పట్టించుకోవచ్చని హక్కుగా రాసిచ్చారు. ఆ రోజుల్లో గొడుగంటే ఆషామాషీ కాదు, ఎవరి మీద పడితే వాళ్ల మీద పట్టేది కాదు. ఆ సాయంత్రం నాలుగింటికి, కోటలో భోజనాలయ్యాక, అందరూ గౌన్లేసుకుని, ముందు దండాలతో ఊరేగింపుగా టౌన్ హాలుకి నడిచారు. ఊరికి బడి, జైలు, మురుగు కాలవ చేయించాలని కూడా చార్టర్‌లో ఉంది. జనం మాత్రం తొలిరోజు చూసింది ఊరేగింపే.

మా ఊళ్లో ఏముంది చెప్పండి? 2019 మునిసిపాలిటీల చట్టం మొత్తం తిరగేశాను, ఒక్క గౌను లేదు, అర గొడుగు లేదు. నాటిన మొక్కల్లో నూటికి 85 బతక్కపోతే కౌన్సిలర్ జవాబు చెప్పుకోవాలని మాత్రం ఉంది. మా వార్డు కౌన్సిలర్‌గారు వేసవిలో బిందె పట్టుకుని గానుగ మొక్క దగ్గర నిలబడితే చూడలేకపోయాను. 1688 అయితే ఆ బిందె వెనక వెండి దండం ఉండేది. ఆ కౌన్సిలర్లు కూడా ఊరు మునిసిపాలిటీ అయిన ఏడాదిన్నరకి, 2020 జనవరిలో ఎన్నికలు పెడితే వచ్చారు. అప్పటిదాకా స్పెషలాఫీసరే మేయరు, ఆయనే ఆల్డర్మన్లు పన్నెండు మందీ.

హోదా సంగతి జనానికి అర్థం కాలేదు అనడానికి ఒక్క ఉదాహరణ. బోర్డు మారిన కొత్తలో ఓ రోజు మా వీధి చివరి మల్లమ్మత్త ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి, జాబ్ కార్డు కొంగులోంచి తీసి అడిగింది.

"సారూ, ఉపాధి పని ఎప్పుడు మొదలైతది?"

"ఇంక ఉండదమ్మా. అది పల్లెలకే. మీరిప్పుడు పట్నపోళ్లు."

మల్లమ్మత్త వెనక్కి తిరిగి చూసింది. ఆఫీసు ముందు మూడు బర్రెలు తీరిగ్గా రోడ్డు దాటుతున్నాయి. అవతల వరి కల్లం. ఆవిడ పట్నాన్ని కాసేపు అలా చూసి, కార్డు మళ్లీ కొంగులో ముడేసుకుని, "పట్నమైతే నీళ్ల నల్లా రోజూ వస్తదా?" అంది. సారు ఫోను మోగింది.

చైల్డ్ దొర ఉంటే ఆవిడకి చిన్న వెండి దండం ఒకటిచ్చి బర్జెస్‌ని చేసి ఉండేవాడు. మునిసిపాలిటీల ఏర్పాటు గురించి చెప్పే రాజ్యాంగం 243క్యూ అధికరణంలో అవేవీ రాయలేదు. ఏ ఊరు పంచాయతీయో ఏది పట్టణమో గవర్నర్ నోటిఫికేషన్ ఇస్తే సరి. పన్ను భాగాన్ని మాత్రం మనవాళ్లు ఎక్కడా మర్చిపోలేదు. బోర్డు మీద రంగు ఆరీ ఆరకముందే కొలతల టేపు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు మా ఇంటికొచ్చి వరండా, మేడ మెట్లు, చివరికి కోళ్ల గూడు కూడా కొలిచారు. మునుపు పంచాయతీకి కట్టినదానికీ డిమాండ్ నోటీసులో ఉన్నదానికీ పది రెట్లు తేడా లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మూడు రెట్లే.

నోటీసు అడుగున ఏప్రిల్ 30లోగా కడితే అయిదు శాతం తగ్గింపు అని ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, నా అంతట నేనే వెళ్లాను, అదీ ఆఖరి రోజున, మిట్టమధ్యాహ్నం. లైను గేటు దాటి బోర్డు కిందిదాకా వచ్చింది. ఎండకి గొడుగు తెరిచాను. పట్టుకోవడానికి మనిషినివ్వలేదు గనక నేనే పట్టుకున్నాను.