మనసు కుదుటపడని రాత్రి ఏ సినిమా చూడాలి?

అమ్మ బయాప్సీ రిపోర్టు సోమవారం వస్తుందని శుక్రవారం సాయంత్రం చెప్పారు. మధ్యలో మూడు రాత్రులు. కాస్త ధ్యాస మళ్లుతుందని తమ్ముడు ఆ రాత్రి అందరూ మెచ్చుకుంటున్న ఒక కొత్త నేర పరిశోధన సినిమా పెట్టాడు. సినిమా బాగానే ఉంది. కానీ అరగంట గడవకముందే నా అరచేతులకు చెమట పట్టింది. అమ్మ తెర మీద కాకుండా గోడ గడియారం మీద చూపు నిలిపింది. ఆపేశాం. "మాయాబజార్ ఉంటే పెట్టరా" అంది అమ్మ. ఆ సినిమా ఆమెకు పాటలు, పద్యాలతో సహా కంఠతా వచ్చు. ఘటోత్కచుడు రాకముందే కాళ్లు ముడుచుకుని దిండుకు ఆనుకుంది.

దిగులుగా ఉన్నవాళ్లకు "ఏదైనా మంచి కామెడీ చూడు" అని మనం అలవాటుగా చెప్పేస్తాం. ఆ సలహా సరైనది కాదని నాకు ఆ మూడు రాత్రుల్లో గట్టిగా అనిపించింది. నవ్వించే సినిమా వేరు, నెమ్మదినిచ్చే సినిమా వేరు.

దుఃఖం ఎక్కువగా జరిగిపోయినదాని గురించి. ఆందోళన జరగబోయేదాని గురించి. ఏమవుతుందో తెలియని మనసు పది రకాల ముగింపులు తనే అల్లుకుంటుంది, అందులో తొమ్మిది చెడ్డవి. గుండె దడ, నిద్ర పట్టకపోవడం దాని వెంట వచ్చేవే. కొత్త కథ ఆ మనసుకే మళ్లీ అదే పని అప్పగిస్తుంది. హంతకుడెవరు? తలుపు అవతల ఉన్నదెవరు? అలసిన ఎద్దు మెడ మీద మరో కాడి పెట్టడమే ఇది. తెలిసిన కథలో ఊహించే పని ఉండదు. తర్వాతి మాట ఏమిటో మనకు ముందే తెలుసు, ఆ మాట తప్పకుండా వస్తుంది.

అయితే తెలిసిన సినిమాలన్నీ ఈ పని చేయవు. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన మాయాబజార్‌నే చూడండి. అందులో కష్టాలు లేకపోలేదు. పాండవుల రాజ్యం పోయింది, అనుకున్న సంబంధం తప్పిపోయింది, సుభద్ర పుట్టింట్లోనే అవమానపడింది. కానీ పాండవులు ఒక్క సన్నివేశంలోనూ తెర మీదికి రారు. అసలు కష్టం కబురుగా వినిపిస్తుందే తప్ప కళ్లముందు జరగదు. పైగా జరగబోయేదంతా ఎరిగిన కృష్ణుడు ప్రతి చిక్కులోనూ చిరునవ్వుతో పక్కనే ఉంటాడు. ఆయన ఎత్తు మనకూ తెలుసు, తెలియనిది కౌరవుల వైపు వాళ్లకే. ఈ కథనంలోని గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. ఆందోళనలో ఉన్న మనిషి కోరుకునేదీ అదే కదా: ముందు ఏముందో తెలిసినవాళ్లు ఒకరు తోడు ఉండటం.

అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మిస్సమ్మ ఇంకా విచిత్రం. ఆ కథంతా భయం మీదే నిలబడింది. ఉద్యోగం దొరకని ఇద్దరు పట్టభద్రులు, అప్పిచ్చినవాడి ఒత్తిడి, భార్యాభర్తలమని ఆడిన అబద్ధం ఎప్పుడు బయటపడుతుందోనన్న బెంగ. అయినా చూస్తుంటే మనసు తేలికపడుతుంది. ఎందుకంటే వాళ్లు చేరిన ఆ జమీందారు ఇంట్లో కరుణ లేని మనిషి లేడు. నిజం బయటపడినా అక్కడ ఎవరూ ఎవరినీ గెంటేయరని మొదటి పది నిమిషాల్లోనే మనకు నమ్మకం కుదురుతుంది. రెండు సినిమాలకూ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. ఆయన తీసిన వెన్నెల దృశ్యాల్లో తొందర కనిపించదు. కంటికి కూడా విశ్రాంతి కావాలి.

కాబట్టి నేను చూసేది కష్టం ఉందా లేదా అని కాదు, క్రూరత్వం ఉందా లేదా అని. మన కామెడీల్లో చాలావాటి మీద నా అభ్యంతరం కూడా ఇదే. చెంపదెబ్బ, లావు మీద వెటకారం, నత్తి మీద నవ్వు. మామూలు రోజుల్లో వీటిని దాటేస్తామేమో. బెంగగా ఉన్న రోజున మాత్రం మనం కొట్టేవాడి పక్కన ఉండం, కొట్టించుకునేవాడి పక్కన ఉంటాం.

దుఃఖంతో, శ్రమతో, శోకంతో బాధపడేవారికి విశ్రాంతినివ్వడానికే నాట్యం, అంటే నాటక ప్రదర్శన, అని భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. వినోదం అనే మాటను మనం ఎంత వాడినా, విశ్రాంతి అనే మాటను సినిమా గురించి దాదాపు మరిచిపోయాం.

ఇంకో సంగతి. ఎంపిక ఆ రాత్రి చేయకూడదు. ఓటీటీ తెరిచి వందల బొమ్మలు దాటుకుంటూ పోవడమే ఒక కొత్త కలత. మనసు బాగున్న రోజునే నాలుగైదు పేర్లు రాసి పెట్టుకోవాలి. మా ఇంట్లో ఆ కాగితం టీవీ బల్ల సొరుగులో ఉంది. అందులో తమ్ముడి కోసం రాసిన దయ్యాల సినిమా పేరు కూడా ఉంది. కల్పిత భయం వాడికి నిజం భయాన్ని మరిపిస్తుందట. నాకు అర్థం కాకపోయినా, వాడి మనసు సంగతి వాడికే తెలుసు.

ఎదురుచూడటం, తప్పించుకోవడం ఒకటి కాదు. అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు వీసా లాటరీ ఫలితం కోసం చూస్తున్న వారమంతా పాత సినిమాలే చూశాడు. చేయగలిగింది ఏదీ లేనప్పుడు అది మంచి పనే. రేపటి పరీక్షకు చదవకుండా, చేయాల్సిన ఫోను చేయకుండా చూసే సినిమా అలా కాదు. అది ముగిసేసరికి భయం వడ్డీతో సహా ఎదురుగా నిలబడుతుంది. వారాల తరబడి నిద్ర, ఆకలి చెదిరిపోతే అది సినిమాతో తీరే విషయం కాదు, వైద్య సహాయం తీసుకోవాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆదివారం రాత్రి అమ్మ మళ్లీ అదే సినిమా అడిగింది. చివర్లో శశిరేఖా అభిమన్యుల పెళ్లి జరుగుతుంటే, "పాపం, ఈ పిల్లాడికి ముందు పద్మవ్యూహం ఉంది" అంది మెల్లగా. తమ్ముడు ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని, ఘటోత్కచుడు వివాహ భోజనానికి కూర్చునే చోటికి వెనక్కి జరిపి, మళ్లీ అక్కడి నుంచి పెట్టాడు.