ఏనుగు ఉచితం, అంకుశానికి పద్దు లేదు

గ్రంథాలయాన్ని ‘కోహా’ అనే ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల) గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌కు మార్చాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ‘కోహా’ అంటే మావోరీ భాషలో కానుక. కానుకకు ఖర్చేమిటని అధ్యక్షులవారు అడిగితే సభలో ఎవరూ నోరు మెదపలేదు. నిజానికి 1999లో న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు, తన పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరపు తేదీలకు తట్టుకోదని తెలిసి, ఒక కంపెనీకి డబ్బిచ్చి దీన్ని రాయించుకుంది. డబ్బు ప్రస్తావన ఉన్నందున ఆ ముక్క మినిట్స్‌లోకి ఎక్కలేదు.

పుస్తకాల జాబితా ఎక్సెల్‌లో సిద్ధంగా ఉంది. ఎక్సెల్‌కు పొదుపెక్కువ. పుస్తకాన్ని గుర్తించే 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ను 9.78ఈ+12 అని మూడంకెలతో సరిపెడుతుంది. దాన్నలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే మిగతా అంకెలు గంగలో కలిసినట్టే. 000123 అనే బార్‌కోడు 123 అవుతుంది. అట్ట మీది చీటీని స్కానర్ 000123 అనే చదువుతుంది, అలాంటి పుస్తకమే లేదని కోహా అంటుంది. ఆ కాలమ్‌లను ముందే ‘టెక్స్ట్’గా మార్చి డేటా కొట్టి ఉంటే సరిపోయేది. కానీ అంత సులువైన పనికి ఉపసంఘం వేయడం బాగుండదు. ఇక యూనికోడ్ కాని ఫాంటులో కొట్టిన పేర్లు కేటలాగ్‌లో ఏ భాషకూ చెందని అక్షరాలై విశ్వజనీనత సాధిస్తాయి.

ఈ జాబితాను మార్క్‌ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో మార్క్ రికార్డులుగా (గ్రంథాలయాలు వాడే ప్రామాణిక రూపంలోకి) మార్చేటప్పుడు పేరు 245 నంబరు గడిలోకి, రచయిత 100లోకి, బార్‌కోడు 952లోని ‘పీ’ అనే ఉపగడిలోకి పోవాలి. అదే 952లో ‘ఏ’, ‘బీ’లకు శాఖ కోడు, ‘వై’కి పుస్తకం రకం. ఈ కోడులు కోహాలో ముందే పెట్టి ఉండాలి, అక్షరం పొల్లు పోకూడదు. 952 లేకుంటే కేటలాగ్‌లో పుస్తకం పేరుంటుంది, ప్రతి ఉండదు. (పాత రోజుల్లోనూ చాలా పుస్తకాల పరిస్థితి ఇదేలెండి.)

ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథికి ఇష్యూ చేయబోతే, ఈ సభ్యుడికీ ఈ రకానికీ రూల్ లేదని వచ్చింది. ఎవరికి ఏ పుస్తకం ఎన్నాళ్లు ఇవ్వాలో చెప్పే సర్క్యులేషన్ రూల్స్ ఎవరూ పెట్టలేదు. క్యాలెండర్‌లో సెలవులూ ఎక్కించలేదు, కాబట్టి తలుపులు మూసిన రోజుకూ జరిమానా పడుతుంది. ఆదాయ మార్గంగా కమిటీ దీన్ని స్వాగతించింది.

తర్వాత, వెతుకులాట కోసం కోహాలో సూచిక తయారుచేసే జీబ్రా ఇండెక్సర్ ఆగిపోయింది. బార్‌కోడు నేరుగా డేటాబేస్‌లో దొరుకుతుంది కనుక ఇష్యూ నడుస్తుంది, కొత్త పుస్తకం పేరు కొట్టి వెతికితే మాత్రం దొరకదు. అంటే పుస్తకం ఇవ్వొచ్చు, అడగకూడదు. ఇండెక్సర్‌ను మళ్లీ నడిపి ‘కోహా-రీబిల్డ్-జీబ్రా’ కమాండ్ ఇస్తే పోయేదానికి, ఆ కమాండ్ ఇచ్చే మనిషికి జీతం అడిగారని ఫైలు వెనక్కి వచ్చింది.

బ్యాకప్ గురించి దిగులు లేదు. రోజూ దానంతటదే తీసుకుంటుంది, అదే డిస్కులో. అయినా ముందు జాగ్రత్తగా ప్రతి ఎంట్రీనీ అక్సెషన్ రిజిస్టర్‌లో (వచ్చిన పుస్తకాలను వరసగా నమోదు చేసే పుస్తకంలో) చేత్తో కూడా రాయాలని సర్క్యులర్ వచ్చింది. పెన్నులకు ఇండెంటు పెట్టుకోవచ్చు, అది మంజూరైంది.