స్ట్రాబెర్రీ తగవులో న్యాయం కొరియా వైపే

2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో జపాన్ మహిళల కర్లింగ్ జట్టు ఆట విరామంలో కొరియా స్ట్రాబెర్రీలు తిని, భలే ఉన్నాయని మెచ్చుకుంది. జపాన్ వ్యవసాయ మంత్రి కెన్ సైతోకు అది రుచించలేదు. అవి మా రకాల నుంచి పుట్టినవే, మా ఆటగాళ్లు మా పండ్లు తింటే బాగుండేదన్నట్టు మాట్లాడారు. కొరియా వల్ల ఐదేళ్లలో 2,200 కోట్ల యెన్ల దాకా ఎగుమతులు పోయాయని ఆయన శాఖ లెక్క కట్టింది. ‘కొరియా మన స్ట్రాబెర్రీ ఎత్తుకుపోయింది’ అన్న మాట అలా స్థిరపడిపోయింది. వినడానికి బాగానే ఉంటుంది కానీ, మొక్కల సంగతి తెలిసినవాళ్లు ఒప్పుకోకూడని మాట ఇది.

కొరియా చేసిందేమిటి? 2005లో నొన్సాన్‌లోని ప్రభుత్వ స్ట్రాబెర్రీ పరిశోధన కేంద్రం అకిహిమె, రెడ్ పెర్ల్ అనే రెండు జపాన్ రకాలను సంకరపరిచి ‘సియోల్‌హ్యాంగ్’ తెచ్చింది. అప్పటిదాకా కొరియా తోటల్లో పదింట తొమ్మిది వంతులు జపాన్ రకాలే. ఇప్పుడు లెక్క తిరగబడింది. రాయల్టీలు కట్టాల్సి వస్తుందన్న భయమే వాళ్లను ఈ పనికి పురికొల్పింది. భయపడి కూర్చోకుండా పని చేశారు, అంతే తేడా.

సాగు చేసే స్ట్రాబెర్రీలో క్రోమోజోములు ఏడేసి చొప్పున ఎనిమిది కట్టలుగా, మొత్తం 56 ఉంటాయి. అందుకే ఒకే పండు మీది గింజలు చల్లినా ఏ రెండు మొక్కలూ ఒకేలా రావు. కొత్త రకం కావాలంటే మొగ్గ విచ్చుకోకముందే పట్టకారుతో కేసరాలు తీసేయాలి, రెండో రకం పుప్పొడిని బ్రష్‌తో అద్దాలి, పండాక పైనున్న గింజలు గీకి మొలకెత్తించాలి. వచ్చిన వేల మొక్కల్లో దాదాపు అన్నీ చెత్తకుప్పకే పోతాయి. ఏళ్ల తరబడి చూడగా చూడగా నిలిచిన ఒకటి రెంటిని మాత్రం రన్నర్లతో, అంటే నేల మీద పాకే తీగల పిల్లమొక్కలతో పెంచుతారు. రన్నర్ తల్లికి అచ్చు నకలు, గింజ మాత్రం అంతకుముందు లోకంలో లేని మొక్క. అనుమతి లేకుండా రన్నర్ తీసుకుపోతే దొంగతనమే, కాదనను. గింజ నుంచి కొత్త మొక్క పుట్టించడాన్ని ఆ గాటన కట్టడం కుదరదు.

ఆ కొత్తదనాన్ని ఎవరి నోటి మాట మీదా నమ్మరు. కొత్త రకాన్ని, దానికి దగ్గరగా ఉన్న పాత రకాలను పక్కపక్క బోదెల్లో నాటి కొలుస్తారు. పూరేకులు విడివిడిగా ఉన్నాయా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయా? పూగుత్తి ఆకుల కింద దాక్కుందా, పైకి లేచిందా? గింజలు కండలోకి దిగబడ్డాయా, పైకి పొడుచుకొచ్చాయా? తొడిమ కింద గింజల్లేని పట్టీ ఉందా, ఉంటే ఎంత వెడల్పు? ఈ పరీక్ష మీ రకం గొప్పదా అని అడగదు. వేరుగా ఉందా, మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయా, తరం మారినా అలాగే ఉంటుందా అని మాత్రమే అడుగుతుంది. అకిహిమె పొడుగ్గా, మెత్తగా ఉండే పండు, బూడిద తెగులుకు ఇట్టే లొంగుతుంది. సియోల్‌హ్యాంగ్ ఆ తెగులును బాగా తట్టుకుంటుంది. రైతు కంటికి ఈ రెండూ ఒకటి కానే కావు. అంతర్జాతీయ రకాల రక్షణ ఒప్పందం యూపీఓవీ కూడా, రక్షణ ఉన్న రకాన్ని మరో రకం పుట్టించడానికి వాడుకోవచ్చని స్పష్టంగానే రాసుకుంది.

జపాన్ వాదనలో పస అసలు లేదని కాదు. రెడ్ పెర్ల్‌ను దాని సృష్టికర్త కొరియాలో ఒకరికి షరతుల మీద ఇస్తే అది చేయి దాటి ఊరంతా పాకిందని వాళ్లు చెబుతారు. కొరియా 2002లోనే యూపీఓవీలో చేరినా స్ట్రాబెర్రీకి రక్షణను 2012 దాకా సాగదీసింది. ఇది గడుసుతనమే. కానీ ఆ కోపం రన్నర్ల మీద చూపించాలి, సియోల్‌హ్యాంగ్ మీద కాదు.

ఆ లెక్కన మన సాంబ మసూరి ఎవరిది? 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 వంశంలో కోయంబత్తూరు జీఈబీ 24 ఉంది, తైవాన్ టీఎన్1 ఉంది, మలేషియాలో విడుదలైన మసూరి ఉంది. ఆ మసూరికి ఒక వైపు తైచుంగ్ 65 అనే జపోనికా వరి. సైతో గారి తర్కం పట్టుకుంటే మనం తినే ప్రతి ముద్దకీ పరాయి దేశాలకు బాకీ పడతాం. బాపట్ల శాస్త్రవేత్తలు దొంగలు కారు, నొన్సాన్ వాళ్లూ కారు.

నన్ను నిజంగా కలవరపెట్టేది జపాన్ అలక కాదు. బాపట్ల, మారుటేరు కేంద్రాల్లో అలాంటి పని చేసిన మనమే ఇప్పుడు ఆ పనిని పక్కన పెట్టేస్తున్నాం. లంబసింగి రైతులు స్ట్రాబెర్రీ మొక్కలు మహారాష్ట్ర నుంచి తెప్పించుకుంటారు. మహాబలేశ్వరం వాళ్లు తల్లిమొక్కలను విదేశాల నుంచి దిగుమతి చేసుకుంటారు. ఫ్లోరిడా, కాలిఫోర్నియా వాళ్లు తమ వాతావరణానికి చేసుకున్న రకాలను మన మన్యంలో మల్చింగ్ షీట్ మీద నాటి, పర్యాటకులు వచ్చి కొంటారని ఎదురుచూస్తున్నాం. చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, చలి ఉంది, సాగు నేర్చిన గిరిజన రైతులు ఉన్నారు. ఆ మన్యం కోసమే పుట్టిన రకం మాత్రం లేదు.

ప్రైవేటు కంపెనీలు చూసుకుంటాయిలే అనేవాళ్లు కాలిఫోర్నియా సంగతి గుర్తుచేసుకోవాలి. ప్రపంచానికి కామరోసా లాంటి రకాలిచ్చింది అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. దాని డేవిస్ క్యాంపస్‌లో కొత్త రకాలు చేసే బ్రీడర్లు రిటైరై సొంత కంపెనీ పెట్టారు, ఆ కంపెనీ వర్సిటీ మీద దావా వేసింది. విశ్వవిద్యాలయ రకాలతోనే వాళ్లు స్పెయిన్‌లో సంకరాలు చేయించారని వర్సిటీ ఎదురు దావా వేసింది. 2017లో జ్యూరీ వర్సిటీ పక్షాన నిలిచింది. రకాలపై పేటెంట్లున్న అమెరికా చట్టంలో కొత్త రకాలు చేసేవాళ్లకు యూపీఓవీ ఇచ్చినంత వెసులుబాటు లేదు, అది నాకు నచ్చదు. కానీ తన మొక్కల కోసం కోర్టులో పోరాడే ప్రభుత్వ వర్సిటీ ఉందంటే అసూయగా ఉంది. మన దగ్గర బ్రీడర్ రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది, ఆయన ఎంపిక చేసి పెట్టిన మొక్కలు ఎండిపోతాయి.

చట్టం కూడా మనకు అడ్డు కాదు. 2001 నాటి మన మొక్కల రకాల రక్షణ చట్టం పరిశోధకుడికి ఏ రకాన్నైనా సంకరానికి వాడుకునే హక్కు ఇచ్చింది, రైతుకు విత్తనం దాచుకునే హక్కూ ఇచ్చింది. వాణిజ్య ఒప్పందాల బేరాల్లో యూపీఓవీ ఒప్పందం 1991 రూపానికి సంతకం పెట్టమని అడిగేవాళ్లకు రైతు విత్తనం హక్కు వదులుకోం అని చెప్పాలి. కామరోసా, స్వీట్ చార్లీ రకాల మీద అమెరికా పేటెంట్లకు ఎప్పుడో కాలం చెల్లింది. ఈ చలికాలమే చింతపల్లిలో ఆ రెంటినీ సంకరపరచవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. ఇప్పుడు మొదలుపెడితే రకం విడుదలయ్యేసరికి రెండు ఎన్నికలు అయిపోతాయి, రిబ్బన్ కత్తిరించేది ఎవరో తెలియదు. అలాంటి పనికి బడ్జెట్‌లో పద్దు రాసే మంత్రి కోసం వెతుక్కోవాలి.