చెప్తం తమ్మీ

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో నాటక సమాజం వాళ్లు ఆడిషన్‌కు వచ్చినోళ్లను ఎవరినీ కాదనరు. మొహం మీద కాదనడం ఈ ప్రాంతపు మర్యాద కాదు. భుజం తట్టి ‘‘మంచిగ చేసినవ్, చెప్తం తమ్మీ’’ అంటారు. తమ్ముడు ఆ మాట నమ్మి హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగి, ఫోన్ సైలెంట్‌లో లేదని రెండుసార్లు చూసుకుంటాడు. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో నాటిక గంట దాటితే మార్కులు కోస్తారు. జవాబు ఎన్ని నెలలు దాటినా ఎవరికీ మార్కులు పోవు.

దీన్ని బద్ధకం అనేవాళ్లకు రంగస్థలం తెలియదు. ఆరు పాత్రల నాటిక ఉందనుకోండి, అందులో ఇద్దరు ఆడవాళ్లు. ముందు ఖాయం కావాల్సింది హీరో కాదు, లేడీ ఆర్టిస్ట్. అనుభవమున్నవాళ్లు కొద్దిమందే, ఒక్కొక్కరు ఒకే సీజన్‌లో మూడు నాలుగు సమాజాలకు ఆడతారు. కాబట్టి మీ తలరాత ఆమె డైరీలో ఉంటుంది. ఆమె వయసు, ఎత్తు తేలితే భర్త తేలతాడు. భర్త తేలితే అతనికన్నా పెద్దగా కనబడే తండ్రి తేలాలి. ఆనక తమ్ముడు. ఇంతలో ఆమెకు డేట్లు కుదరక ఇంకొకరు వచ్చారంటే పైనుంచి కిందిదాకా మళ్లీ సర్దుడే: నిన్నటి భర్త ఇవాళ బావమరిది, నిన్నటి తండ్రి ఇవాళ పోస్ట్‌మ్యాన్. మీరు రెండు నిమిషాల ఏకపాత్రలో నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారు, ఎవరూ కాదనలేదు. ఆమెకన్నా రెండంగుళాలు పొట్టి అయ్యారు, అంతే. చందా రాసినాయన కొడుక్కి ఈ కొలతలేవీ వర్తించవని వేరే చెప్పాలా?

ఆపైన క్యాలెండర్. దర్శకుడు తరచుగా బడిపంతులే. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ, వెంటనే దసరా, తర్వాత సంక్రాంతి. మాఘ పౌర్ణమికి మేడారం జాతర. అది రెండేళ్లకోసారే వస్తుంది కాబట్టి నడిమి ఏడాది ఆ లోటును పెళ్లిళ్లు తీరుస్తాయి. ఆనక పదో తరగతి పరీక్షలు, స్పాట్ వాల్యుయేషన్. ఎర్ర పెన్ను పట్టిన చేత్తో నటుల జాబితా రాయమనడం అన్యాయం.

ఓపిక లేనివాళ్లు బాలసముద్రం పోయి కాళోజీ కళాక్షేత్రం ముందు కాసేపు నిలబడాలి. 2014లో శంకుస్థాపన, 2024 నవంబర్‌లో ప్రారంభం. పదేళ్లపాటు ఆ భవనం ఎవరికైనా ‘‘అన్నా, ఏమైంది?’’ అని మెసేజ్ పెట్టిందా? పది రోజులకే పెట్టే నటుణ్ని ఏమనాలి?

అయినా ఆగలేనివాళ్ల కోసం కొన్ని పద్ధతులున్నాయి. ఆడిషన్ గది దాటకముందే అడగాల్సినవి రెండు: ప్రదర్శన ఎప్పుడు, కబురు చెప్పేదెవరు. నాటికకు ఇరవై నుంచి ముప్ఫై సాయంత్రాల రిహార్సల్ పడుతుంది. ప్రదర్శన తేదీ నుంచి నెల వెనక్కి లెక్కేసుకోండి. ఆ రోజుకూ ఫోన్ రాలేదంటే పాత్ర వేరేవాళ్లకు పోయినట్టే. ఆడిషన్ అయిన వారం తర్వాత ఒక్కటంటే ఒక్క మెసేజ్ పెట్టండి. అందులో పేరు, ఆడిషన్ తేదీ, చదివిన పాత్ర, సాయంత్రం ఎన్నింటికి ఖాళీ అన్నవి ఉండాలి. ఉత్త ‘హాయ్ సర్’ పెడితే అట్లాంటి హాయ్‌ల కింద అది కూడా పూడుకుపోతుంది. నీలం టిక్కులు పడ్డాక గంటగంటకూ తెరిచి చూడకండి, వాటికి మూడో రంగు లేదు. అసలు సంగతి కావాలంటే స్క్రిప్ట్ జిరాక్స్ తీయించే పిల్లగాణ్ని పట్టుకోండి. ఎన్ని కాపీలు, ఏ కాపీ మీద ఎవరి పేరు అన్నది దర్శకుడికన్నా ముందు అతనికే తెలుస్తుంది.

‘‘ఫైనల్ కాలే, జర ఆగు’’ అన్నారంటే మొదట అనుకున్నాయన ఇంకా ఊ అనలేదు. ‘‘ఊకె వచ్చి కూసో’’ అన్నారంటే ప్రాక్సీ: రానివాళ్ల మాటలు చదువుతూ, వాళ్లు నిలబడే చోట నిలబడుతూ. పైసా రాదు, కరపత్రంలో పేరుండదు. కానీ పొండి. రెండో వారంలో ఒకరికి కాజీపేట రైల్వేలో నైట్ డ్యూటీ పడుతుంది, ఇంకొకరికి ఇంట్లో గొడవ. అప్పటికి ఎంట్రీలు, ఎగ్జిట్లు తెలిసింది ప్రాక్సీ ఒక్కడికే.

పరిషత్తుల వారికి ఒక మనవి. ఉత్తమ నటుడు, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ ఆహార్యం అంటూ ఇన్ని బహుమతులిస్తున్నారు, ఉత్తమ నిరీక్షణకూ ఒక శాలువా కప్పండి. ధ్వన్యనుకరణతో 2001లో పద్మశ్రీ అందుకున్న నేరెళ్ల వేణుమాధవ్ పేరున పబ్లిక్ గార్డెన్‌లో కళాప్రాంగణం ఉండనే ఉంది, సభ అక్కడే పెట్టొచ్చు. అన్ని గొంతులు పలికిన ఆయన కూడా మోగని ఫోన్‌ను అనుకరించినట్టు వినలేదు. విజేతల పేర్లు మాత్రం ఆ రోజు చెప్పకండి, ‘‘చెప్తం’’ అనండి.

పిలుపంటూ వస్తే రాత్రి పదింటికి వస్తుంది. ప్రదర్శనకు తొమ్మిది రోజులుంటాయి, ముందాయనకు ట్రాన్స్‌ఫర్ అయివుంటుంది. మొదటి ప్రశ్న నటన గురించి ఉండదు: ‘‘తమ్మీ, మీసం ఉన్నదా, తీసేసినవా?’’ కాబట్టి ఆడిషన్‌కు ఏ మొహంతో పోయారో అదే మొహం నెల రోజులు కాపాడుకోండి. పెట్టుడు మీసం లైట్ల వేడికి, చెమటకు గమ్ము వదిలి రెండో సీన్‌లోనే ఒక కొస లేస్తుంది, అదీ మీరు ఏడ్చే సీనే అయివుంటుంది.