పనిచేస్తున్నదాన్ని కెలకొద్దు

దాదాపు ప్రతి సర్వర్ బోర్డు మీదా బీఎంసీ (బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్) అని ఒక చిన్న చిప్ ఉంటుంది. సర్వర్ ఆపేసినా ఇది ఆగదు. కరెంటు తీగ తగిలించి ఉన్నంతసేపూ మేలుకునే ఉంటుంది. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, చాలావాటిలో సొంత లినక్స్ కూడా. హైదరాబాద్‌లో కూర్చుని ఎక్కడో ఉన్న సర్వర్‌ని ఆన్ చేయాలన్నా, ఆఫ్ చేయాలన్నా, ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం పీకి మళ్లీ ఎక్కించాలన్నా ఇదే దిక్కు. ఒక కంపెనీ దీన్ని ఐలో అంటుంది, ఇంకో కంపెనీ ఐడ్రాక్ అంటుంది. ఇంటి తాళంచెవి పక్కింటి పిన్నిగారికిచ్చి ఊరెళ్లినట్టన్నమాట.

ఇంత పెత్తనమున్న చిప్‌కి ఫర్మ్‌వేర్, అంటే దాని లోపల నడిచే సాఫ్ట్‌వేర్, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలని మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు గొడవ మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్లుగా సర్వర్లతో కాపురం చేస్తున్నవాడిగా నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

ముందు మన సంప్రదాయం తెలుసుకోవాలి. ఈ చిప్‌లు మొదటినుంచీ అతిథి మర్యాద తెలిసినవి. ఒక కంపెనీ వాటికి చాలాకాలం యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే ఉండేవి. ఇంకో కంపెనీ కాస్త జాగ్రత్తపరురాలు. పాస్‌వర్డ్ అనే మాటనే పాస్‌వర్డ్‌గా పెట్టి, అందులో ‘ఓ’ అక్షరం తీసేసి సున్నా పెట్టింది. దొంగ అక్కడే తికమకపడి వెనక్కి పోవాలి. ఈ చిప్‌లతో దూరం నుంచి ఎలా మాట్లాడాలో చెప్పే ఐపీఎంఐ 2.0 ప్రమాణం 2004లో వచ్చింది, అది ఇంకా గొప్పది. లాగిన్ కాకముందే, యూజర్ నేమ్ చెబితే చాలు, ఆ ఖాతా పాస్‌వర్డ్ హ్యాష్‌ని, అంటే పాస్‌వర్డ్‌ని గిలక్కొట్టి మార్చిన రూపాన్ని, చేతిలో పెట్టేస్తుంది. తీరిగ్గా ఇంటికెళ్లి పగలగొట్టుకోవచ్చు. అది రాసిన పద్ధతే అంత, ఏ ఫర్మ్‌వేర్ వచ్చినా పోదు. మరి అప్‌డేట్ ఎందుకు?

కుర్రాడు ఊరుకోలేదు. “అన్నా, 2017లో ఐలో 4 సంగతి తెలుసా?” అన్నాడు. తెలియకేం? దానికి పంపే వెబ్ అభ్యర్థన పైభాగంలో ఉండే కనెక్షన్ హెడర్ అనే వరసలో ఇంగ్లిషు ‘ఎ’ అక్షరం 29 సార్లు పంపితే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిచ్చేది. అక్షరాభ్యాసం అయిన మర్నాడు పిల్లాడు పలక నిండా దిద్దేది అంతకంటే ఎక్కువే. 2.53 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు, నిజమే. 2025 మార్చిలో మెగారాక్ అనే ఇంకో బీఎంసీ ఫర్మ్‌వేర్‌లో బయటపడ్డ లోపానికైతే తీవ్రతలో పదికి పది మార్కులొచ్చాయి. “నేను లోపలివాణ్నే” అని ఒక హెడర్‌లో రాసి పంపితే చాలు, నమ్మేస్తుంది. ఆ జూన్‌లోనే అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా, దొంగలు నిజంగా వాడుతున్న లోపాల జాబితాలో దాన్ని చేర్చింది. బీఎంసీ లోపం ఆ జాబితాకెక్కడం అదే మొదలు. పదికి పది తెచ్చుకున్నదాన్ని మళ్లీ దిద్దడమేమిటో నాకర్థం కాదు.

పైగా ముహూర్తం కుదరాలి కదా. నెలాఖరున జీతాలు. మార్చిలో ఇయర్ ఎండింగ్. నవంబర్ నుంచి సంక్రాంతి దాకా ఏదీ మార్చొద్దని క్లయింట్ ఫ్రీజ్ పెడతాడు, అది మాకు మూఢం. మిగిలిన రోజుల్లో ఐదుగురు అప్రూవల్ ఇవ్వాలి. అందులో ఒకరు ఎప్పుడూ లీవులోనే ఉంటారు.

అన్నీ కుదిరి ఒకసారి చేశాను కూడా. శనివారం రాత్రి పదకొండు. ఫైలు ఎక్కింది, గీత నూటికి నూరు చేరింది, ‘కంట్రోలర్ రీసెట్ అవుతోంది, పేజీ మూయకండి’ అని వచ్చింది. మూయలేదు. రెండున్నర దాకా మూయలేదు. సర్వర్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది, దాని కాపలావాడే పోయాడు. కరెంటు తీగ పీకి మళ్లీ పెడితే తప్ప లేవడు. దూరం నుంచి చూసుకోవడానికి పెట్టిన చిప్‌ని లేపడానికి మనిషే దగ్గరికెళ్లాలి.

డేటా సెంటర్‌లో నైట్ డ్యూటీ అబ్బాయికి ఫోన్ చేశాను. ర్యాక్ నంబర్ చెప్పాను, పైనుంచి నాలుగోది అన్నాను. “సార్, ఇక్కడ అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏ సర్వరో గుర్తుపట్టడానికి దాని మీద ఉండే ఆ నీలం లైటు మీరు వెలిగించండి, అప్పుడు పీకుతాను” అన్నాడు. బుద్ధిమంతుడు. కానీ నేను ఇక్కణ్నుంచి ఆ లైటు వెలిగించాలంటే ఆ చచ్చిన చిప్పే వెలిగించాలి. చివరికి ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఆయన ఖాళీ స్లాట్‌ని కూడా లెక్కలో వేశాడు, నేను వేయలేదు. పీకింది డేటాబేస్ సర్వర్‌ది.

అందుకే నా ఆదర్శం వేరు. 2021 డిసెంబర్‌లో ఇరాన్‌కి చెందిన భద్రతా సంస్థ అమ్న్‌పర్దాజ్ ఒక రూట్‌కిట్ (లోపల దాక్కుని పెత్తనం చేసే దొంగ ప్రోగ్రామ్) గురించి బయటపెట్టింది, దాని పేరు ఐలోబ్లీడ్. అది ఐలో ఫర్మ్‌వేర్‌లోనే కాపురం పెట్టి సర్వర్ డిస్కులు తుడిచేసేది. అది మనకనవసరం. మనం నేర్చుకోవాల్సింది దాని పనితనం. మీరు అప్‌డేట్ నొక్కితే, తప్పకుండా చేస్తున్నట్టే కనిపించేది. లోపల ఒక్క అక్షరం మారదు, బయట వెర్షన్ నంబర్ మాత్రం కొత్తది. రీసెట్‌లో ఇరుక్కుపోవడం లేదు, అర్ధరాత్రి ఫోన్లు లేవు, అడ్మిన్‌కి సంతృప్తి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దీన్ని మాత్రం పట్టుకున్నారు, పాపం. కొత్త వెర్షన్లలో లాగిన్ పేజీ రూపం మారింది, దీన్ని రాసినవాళ్లు ఆ పేజీని పాతగానే వదిలేశారు.

మొన్న ఆడిట్ వచ్చింది. అన్ని సర్వర్లకూ ఫర్మ్‌వేర్ తాజాగా ఉన్నట్టు ఆధారం కావాలన్నారు. టికెట్లన్నీ క్లోజ్ చేసి, ఒక్కోదానికీ ఒక స్క్రీన్‌షాట్ జతచేశాను. ఆడిటర్లు పచ్చ టిక్కు పెట్టి బిర్యానీ తిని వెళ్లిపోయారు.

కుర్రాడే నా కుర్చీ వెనక నిలబడి కళ్లు చిట్లించి చూశాడు. “అన్నా, వెర్షన్ కొత్తది, లాగిన్ పేజీ పాతదానిలా ఉందేంటి?”

తెలివైనవాడే. వాణ్ని వేరే ప్రాజెక్టుకి మార్చమని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను.