ఈ ఏడాది మా ఇంట్లో ఒక బల్ల కదలదు

ఈ కొత్త సంవత్సరానికి నేను పెట్టుకున్న సంకల్పం ఒక్కటే. మా హాల్లో కిటికీ పక్కనున్న బల్ల మీద నా కలంకారి సామాను ఏడాది పొడుగునా అక్కడే ఉండాలి. పండగొచ్చినా, పబ్బమొచ్చినా, చుట్టాలొచ్చినా ఎవరూ దాన్ని తీసి అటకెక్కించకూడదు. బరువు తగ్గడం, పొద్దున్నే అయిదింటికి లేవడం, నెలకో పుస్తకం చదవడం, ఇవన్నీ మంచివే. చేయగలిగినవాళ్లు చేయండి. నాకు కావాల్సింది మాత్రం చోటు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

తిరుపతిలో కాపురముండేవాళ్లకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఊళ్లో ఇల్లంటే సగం సత్రమే. తెల్లవారుజామున ఫోన్ మోగుతుంది. "రేణిగుంటలో దిగినాం అక్కా, సామాన్లు మీ ఇంట్లో పెట్టి అలిపిరి నుంచి నడిచి పోతాం." వచ్చేది నలుగురో, పదిమందో వచ్చాకే తెలుస్తుంది. అసలే జనవరి ఒకటిన స్వామి దర్శనం చేసుకోవాలని అందరికీ ఉంటుంది. దానికి కాస్త అటూ ఇటూగా వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు, ఆ వెనకే సంక్రాంతి సెలవులు. లోకమంతా కొత్త సంవత్సరానికి కొత్త అలవాట్లు మొదలుపెట్టే రోజుల్లో మన ఇళ్లల్లో చాపలు, దిండ్లు, వేడినీళ్ల బకెట్లు తప్ప ఇంకో ధ్యాస ఉండదు.

చుట్టాలు రావద్దని నేను అనడం లేదు. కొండకొచ్చిన మనిషికి ఇంత అన్నం పెట్టడం మా అత్తమ్మ పుణ్యం అనుకుంటుంది, నేనూ అదే అనుకుంటాను. నా కోపం వేరే చోట ఉంది. నలుగురు వస్తున్నారనగానే ఇంట్లో మొదట ఖాళీ అయ్యేది ఎవరి జాగా?

మా అమ్మాయి ఇంటర్. దాని స్టడీ టేబుల్ మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు, ఈఏపీసెట్ ఉంది కాబట్టి. మా ఆయన ల్యాప్‌టాప్ బల్లనీ కదపరు, ఆఫీసు పని కాబట్టి. పూజ గదిని, టీవీని ముట్టుకునే ప్రశ్నే లేదు. మిగిలింది కిటికీ పక్కన నా బల్ల. గుడ్డ మడతపెట్టేస్తారు, కలాలన్నీ ఒక కవర్లో వేసి కట్టేస్తారు, కుండని వాష్ ఏరియాలోకి తోసేస్తారు. నేనేమైనా అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది. "నీదేముంది, ఎప్పుడైనా చేసుకోవచ్చు కదా."

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మార్కులొచ్చే పనికి చోటుంది, జీతమొచ్చే పనికి చోటుంది. మనిషి తన తృప్తికి చేసుకునే పని మాత్రం మిగతా అందరి అవసరాలూ తీరాక, ఏ మూల మిగిలితే ఆ మూల సర్దుకోవాలి. అలా సర్దుకుంటూ పోతే ఆ పని ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ మనల్నే అంటారు, "నీకు పట్టుదల లేదు" అని.

నేను చేసేది శ్రీకాళహస్తి కలంకారి. మన జిల్లా చేతిపని. 2005-06లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2008లో కలంకారి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ ఇచ్చారు. అందరం గర్వపడ్డాం, పడాల్సిందే. పెళ్లిళ్లకి కలంకారి చీర కట్టుకుని ఫోటోలు దిగుతాం కూడా. కానీ మామూలు ఇంట్లో కూర్చుని ఆ పని చేయాలంటే ఏం కావాలో చూసినవాళ్లు తక్కువ. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు గాడా గుడ్డని, అంటే ముతక నూలు గుడ్డని, ఉతికి గంజి వదిలించాలి. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలల్లో వెన్న ఉండాలి, లేకపోతే రంగు గుడ్డలో పాకిపోతుంది. ఆరిన గుడ్డ లేత పసుపు రంగుకొస్తుంది, పాల వాసన వదలదు. దాని మీద చింత పుల్లల్ని కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకోవాలి. అప్పుడు కసిం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూత పెట్టి ఇంచుమించు మూడు వారాలు కదలకుండా ఉంచితే తయారయ్యే నల్లరంగు. ఇక కలమంటే మొన తేల్చిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని గానీ గుడ్డ పేలికలు గానీ చుట్టి దారంతో బిగిస్తారు. దాన్ని కసింలో ముంచి, చుట్టిన చోట వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తే కావాల్సినంత రంగే మొన దగ్గరికి దిగుతుంది. గీసేటప్పుడు ఆ గీత లేతగా, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుముకీ కరక్కాయ వగరుకీ కలిసి పుట్టే నలుపు అది, ఉతికినా పోదు. స్వామి కన్ను గీసి, అది నల్లబడే వరకు ఊపిరి బిగబట్టి చూడటం నాకు ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన పని.

అక్కడితో అయిపోదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూయాలి, ఆరాలి, ఉతకాలి, మంజిష్ఠ వేరు వేసిన నీళ్లల్లో ఉడకబెట్టాలి. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మళ్లీ ఉతుకు, మళ్లీ పాలు, మళ్లీ ఎండ. తర్వాత పసుపు, నీలి. శ్రీకాళహస్తిలో ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరగడానికి కారణం ఉంది. పారే నీళ్లు కావాలి, ఆరేసుకునే ఇసుక కావాలి. అంటే ఈ కళ పుట్టిందే చోటు చూసుకుని పుట్టింది.

ఇప్పుడు చెప్పండి, దీన్ని "రోజుకి ఇరవై నిమిషాలు కేటాయించుకో" అనే సలహాతో ఎలా చేయాలి? ఆ సలహా ఇచ్చే వీడియోలు నేనూ చూశాను. టైమ్ గురించి గంటలు గంటలు చెప్తారు. కుండ ఎక్కడ పెట్టాలో ఒక్కరూ చెప్పరు. ఒక సంక్రాంతికి మా ఇంటికొచ్చిన దగ్గరి చుట్టం ఒకావిడ, వాసనొస్తోందని, పాపం ఇంటి పనిలో సాయం చేద్దామనే, ఆ కుండలోది డ్రైనేజీలో పారబోసి, శుభ్రంగా తోమి బోర్లించింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడని ఏమీ అనలేదు, అనాల్సిన పనీ లేదు. మురికి నీళ్లనుకుంది. ఆ కుండకి ఇంట్లో ఒక స్థానం ఉంటే, ఇది ఫలానావాళ్ల పని అని అందరికీ తెలిసి ఉంటే, ఆవిడ అనుమానమొచ్చి ఒక మాట అడిగేది. స్థానం లేని వస్తువుని ఎవరు అడుగుతారు!

ఈ మాటలు రాస్తుంటే నాకు తరిగొండ వెంగమాంబ గుర్తొస్తోంది. మన ఊళ్లో ఆ పేరు తెలియనివాళ్లు ఉండరు. కొండ మీద అన్నప్రసాద భవనం ఆమె పేరు మీదే ఉంది, రాత్రి ఏకాంత సేవలో ఆమె ముత్యాల హారతి ఉంది. ఆ తల్లి శతకం రాసిందని, యక్షగానాలు రాసిందని, వేంకటాచల మాహాత్మ్యం రాసిందని మన పిల్లలకి ఎంతమందికి చెప్పాం? 1730లో తరిగొండలో పుట్టింది. చిన్నప్పుడే భర్త పోయాడు. ఊళ్లోవాళ్ల మాటలు పడింది, కొండ చేరింది. అక్కడైనా కుదురుగా ఉండనిచ్చారా అంటే, ధ్యానంలో కూర్చుంటే పక్కింటి గోడ మీంచి ఎంగిలి విస్తళ్లు వచ్చి పడేవని చెప్తారు. చివరికి తుంబురు కోనకి వెళ్లిపోయింది. ఏడాదికోసారి జరిగే తుంబురు తీర్థ ముక్కోటికి వెళ్లినవాళ్లకి ఆ దారి తెలుసు. పాపవినాశనం దాటాక రాళ్లు ఎక్కుతూ, నీళ్లల్లో దిగుతూ అడవిలో పోవాలి. ఈ రోజుల్లోనే, గుంపుగా వెళ్తేనే కాళ్లు పీకుతాయి. ఆ తల్లి భక్తితో వెళ్లింది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఒక ఆడమనిషి కుదురుగా కూర్చోవడానికి అడవికి పోవాల్సి వచ్చిందన్న సంగతి నన్ను వదలడం లేదు.

ఇంకో సంగతి కూడా. గుడిలో హుండీకి ఎదురుగా తాళ్లపాక అర ఉంది. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు దొరికింది ఆ అరలోనే. కొడుకు పెద తిరుమలాచార్యుడు శ్రద్ధ తీసుకుని రేకుల మీద చెక్కించబట్టి, వాటికొక గది ఉండబట్టి, 1503లో పోయిన మనిషి పాట ఈ పొద్దు మనం సుప్రభాతం వేళ వింటున్నాం. అన్నమయ్య భార్య తిమ్మక్క కూడా కవయిత్రే. సుభద్రా కళ్యాణం ఆమె రాసింది. ఆమెవి ఇంకేమైనా ఉన్నాయా అంటే మనకి దక్కింది అదొక్కటే. ఒకే ఇంటి మనుషులు. దాచే చోటు ఉన్నవాళ్ల పని మిగిలింది.

మన ఊరికి కళలంటే గౌరవం లేదని నేను అనను. సంగీత నృత్య కళాశాల ఉంది, శిల్ప కళాశాల ఉంది, అందులో కలంకారి కూడా నేర్పుతారు. వినడానికి మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది. నేర్చుకునే చోటూ, చూసే చోటూ ఉన్నాయి. ఆ రెంటి మధ్యలో ఉండే ఏళ్లకే చోటు లేదు. నేర్చుకున్నాక గుడ్డలు పాడుచేసుకుంటూ, గీత వంకర పోతే తిట్టుకుంటూ, సగంలో ఆపి మర్నాడు మళ్లీ అందుకుంటూ గడిపే కాలం ఇంట్లోనే గడవాలి. ప్రకాశం పార్కులో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే రిటైరైన ఒక మాస్టారు చెట్టు కింద నిలబడి నాటకం పద్యాలు పాడుతుంటారు. ఎంత గొంతు! ఒకసారి పలకరిస్తే చెప్పారు, "అపార్ట్‌మెంట్‌లో రాగం తీస్తే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారమ్మా" అని. ఇది ఆడవాళ్ల బాధ ఒక్కటే అనుకోవద్దని ఈ మాట చెప్తున్నాను. మనకి ఎక్కువ ఉంది, అంతే.

రెండు పడక గదుల ఇంట్లో ప్రత్యేకంగా గది ఎక్కడిదని అడుగుతారు. నేను గది అడగడం లేదు. మూడడుగుల బల్ల, దాని కింద కుండ, గోడకి రెండు మేకులు. సోఫా సెట్‌లో సింగిల్ కుర్చీ ఒకటి తీసేస్తే వచ్చే జాగా. మన ఇళ్లల్లో ఎవరూ కూర్చోని ఆ కుర్చీలకి ఉన్న జాగా మనుషులకి ఎందుకు ఉండదు? షోకేస్‌లో ఎవరో ఇచ్చిన గాజు బొమ్మలకి, పెళ్లినాటి డిన్నర్ సెట్‌కి గోడలో సగం ఇచ్చాం.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఇది అమ్మితే ఎంతొస్తుంది?" ప్రేమతోనే అడుగుతారు. వెంటనే రీల్స్ పెట్టమంటారు, పేజీ ఓపెన్ చేయమంటారు. అమ్ముకుని బతికే కళాకారులు శ్రీకాళహస్తిలో ఉన్నారు, వాళ్లకి మంచి ధర రావాలి, మిషన్ ప్రింట్లు కలంకారి పేరుతో అమ్మేవాళ్లని మనం కొనకుండా ఆపాలి. నాకు నెల జీతం వచ్చే ఉద్యోగం ఉంది. నా గుడ్డ ఎవరూ కొనక్కర్లేదు, ఎవరూ లైక్ కొట్టక్కర్లేదు. డబ్బు రాని పనికీ ఇంట్లో విలువ ఉండాలని అడుగుతున్నాను. తల్లి ఒక పనిని డబ్బు కోసం కాకుండా ఏళ్ల తరబడి చేయడం చూసిన పిల్లకి ర్యాంకు ఒక్కటే లోకం కాదని ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. ఎదగడమంటే నాకు తెలిసింది ఇదే. పోయినేడు గీయలేని చెయ్యి ఈ ఏడు గీయగలగడం. బొమ్మలో చేతి ముద్రలు తిన్నగా రావాలంటే ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వేయాలి. సగమైన బొమ్మ కళ్ల ముందు ఉంటేనే చెయ్యి మళ్లీ అటు పోతుంది. అటకెక్కినదాన్ని దింపే ఓపిక ఉద్యోగం, వంట అయ్యాక ఏ మనిషికీ మిగలదు.

కొందరు ఉగాది దాకా ఆగమన్నారు, మన సంవత్సరాది అదే కదా అని. ఆగను. ఈ విషయం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాను. మా ఆయన కొంచెం సేపు ఆలోచించి, సింగిల్ కుర్చీని తనే మిద్దె మీదికి మోసుకెళ్లారు. అత్తమ్మ మాత్రం, "వాసనకి వచ్చినోళ్లు ఏమనుకుంటారే?" అనింది. "కలంకారి వాసన అని చెప్పత్తా" అన్నాను. ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కుండ మీద మూతకి తోడు గుడ్డ కూడా కట్టమంది, కట్టాను. ఈ వారం నెల్లూరు నుంచి ఎనిమిది మంది వస్తున్నారు. చాపలు హాల్లో ఈ పక్క నుంచి పరుస్తాం, బల్ల అక్కడే ఉంటుంది.

తిరుపతిలో ఉండి, కసిం పెట్టుకోవడానికో, గుడ్డ ఆరేసుకోవడానికో చోటు లేనివాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. మా మిద్దె మీద ఎండకి కొదవ లేదు, పంపు కూడా ఉంది. ఆదివారం పొద్దున ఎనిమిదింటి నుంచి నేను అక్కడే ఉంటాను. కలంకారే కానక్కర్లేదు. పద్యాలు పాడుకునేవాళ్లు కూడా రావచ్చు, మా పక్కింటివాళ్లని అడిగాను, పది లోపైతే వాళ్లకి అభ్యంతరం లేదట. కుండ, గుడ్డ ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. కుండ మీద పేరు రాయండి, పండగకి ఎవరూ పారబోయకుండా నేను చూసుకుంటాను.