చారానా కేసుకు బారానా వకీలు

అమెరికాలో క్రెడిట్ రిపోర్టు కంపెనీలు పడుతున్న అవస్థల గురించి ఎవరూ రాయడం లేదు. ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అని మూడు పెద్ద సంస్థలున్నాయి. కోట్ల మంది అప్పుల చిట్టా వాళ్ల దగ్గరే ఉంటుంది. అంత చిట్టాలో ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడటం, నిక్షేపంలా తిరుగుతున్న మనిషిని చనిపోయినట్టు రాయడం మామూలే కదా. డల్లాస్‌లో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో నలుగురు వెంకట రెడ్డిలు కాపురం ఉంటే పాపం కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది?

బాధితుడు ఊరుకోడు. బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి మూడు పేజీల ఉత్తరం రాస్తాడు. చాలాసార్లు ఆ మూడు పేజీలూ కంపెనీ దగ్గర చిన్న కోడ్‌గా మారిపోతాయి. ‘ఈ అప్పు తనది కాదంటున్నాడు’ అని దాని సారాంశం. ఆ కోడ్ అప్పిచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. బ్యాంకు తన కంప్యూటర్‌లో చూసుకుని ‘మా రికార్డు కరెక్టే’ అంటుంది. చట్టం ఇచ్చిన 30 రోజుల గడువులోపే విచారణ పూర్తి! ఇంత చురుగ్గా పనిచేసిన కంపెనీని పట్టుకుని కోర్టుకు లాగుతున్నారు.

లాగితే లాగారు, గెలిస్తే వకీలు ఫీజు కూడా కంపెనీయే కట్టాలట. ఆ దేశంలో గెలిచినా ఓడినా ఎవరి లాయరు ఫీజు వాళ్లదేనన్నది పాత ఆనవాయితీ. 1970లో తెచ్చిన ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం దాన్ని పక్కన పెట్టేసింది. కంపెనీ తెలిసి తెలిసి, లేదా బొత్తిగా లెక్కలేనితనంతో చట్టాన్ని మీరితే, నష్టం ఎంతో లెక్క తేల్చలేకపోయినా 100 నుంచి 1,000 డాలర్ల దాకా ఇప్పించవచ్చు. పైన ‘సహేతుకమైన’ వకీలు ఫీజు. గంటకు వందల డాలర్లు తీసుకునే లాయరు వెయ్యి డాలర్ల కేసు ముట్టుకోడు కాబట్టి ఈ ఏర్పాటు అంటారు. ముట్టుకోకపోతే ఏం మునిగింది? దేశం ప్రశాంతంగా ఉండేది.

మన రిజర్వ్ బ్యాంకును చూసి నేర్చుకోవాలి. ఇక్కడ సిబిల్ లాంటి సంస్థో, బ్యాంకో ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు పరిహారం. 2024 నుంచి అమల్లో ఉంది. ఆ వందకు ఏ లాయరూ ఆశపడడు.

సరే, ఎంత ఫీజు సహేతుకం? లెక్క రెండో తరగతి పిల్లాడికి కూడా వస్తుంది. కేసుకు న్యాయంగా పట్టే గంటలు, వాటిని ఆ ఊళ్లో అంతే అనుభవమున్న లాయర్లకు నడుస్తున్న రేటుతో గుణించాలి. గొడవంతా ఆ గంటల దగ్గరే. లాయర్లు గంటను పది ముక్కలు చేసి, ఆరేసి నిమిషాల చొప్పున రాస్తారు. ‘0.1 – ఎదుటి లాయరు ఈమెయిల్ చదివాను. 0.1 – జవాబిచ్చాను.’ కంపెనీ లాయరు భూతద్దం తీస్తాడు. రెండు లైన్ల ఈమెయిల్‌కు ఆరు నిమిషాలా? కాగితాలు స్కాన్ చేయడం గుమాస్తా పని కాదా? నాలుగు పనులు ఒకే పద్దులో కలిపి రాశారు, దేనికెంతో ఎలా తెలుస్తుంది? ఈ చివరి అభ్యంతరం గట్టిదే. అలా కలిపి రాసిన గంటల్లో పది నుంచి ముప్పై శాతం కోసేయవచ్చని 2007లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది కూడా. ఆరు నిమిషాల పద్దు మీద ఈ అభ్యంతరాలన్నీ రాయడానికి కంపెనీ లాయరుకు ఎన్ని ఆరు నిమిషాలు పట్టాయని అడగకండి. ఆయన బిల్లు చూపించమంటే అది మా సొంత వ్యవహారం, ఈ కేసుకు సంబంధం లేదంటాడు. కొందరు జడ్జీలు ఔనంటారు, కొందరు తెచ్చి చూపించమంటారు. మర్యాద తెలియనివాళ్లు ఎక్కడైనా ఉంటారు.

కంపెనీల అసలు బాధ చారానా కోడికి బారానా మసాలా అని. దీని మీద అమెరికా సుప్రీంకోర్టు తీర్పు 1986లోనే వచ్చింది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పోలీసులు వారంటు లేకుండా ఒక ఇంట్లో పార్టీ మీద పడ్డ కేసు. బాధితులకు దక్కింది 33,350 డాలర్లు. వాళ్ల లాయర్లకు 2,45,456 డాలర్ల 25 సెంట్లు. మసాలా కోడికి ఏడింతలు దాటింది, ఆ పాతిక సెంట్లు కూడా వదల్లేదు! ఒక్క ఓటు తేడాతో కోర్టు దాన్ని నిలబెట్టింది. మొండిగా పోరాడి, దానికి జవాబు చెప్పడానికి అవతలివాళ్లకు పట్టిన టైమ్ గురించి మళ్లీ ఫిర్యాదు చేయడం కుదరదని కూడా అందులో రాశారు. అది పౌరహక్కుల కేసు. అయితేనేం, క్రెడిట్ కేసుల్లోనూ వినియోగదారుల లాయర్లు ఆ మాట పట్టుకుని తిరుగుతున్నారు. కాగితాలు ఇవ్వకుండా నెలలు లాగి, ప్రతి అర్జీనీ వ్యతిరేకించి, ఆఖరికి ‘ఇంత చిన్న కేసుకు ఇన్ని గంటలా’ అని ఆశ్చర్యపోయే స్వేచ్ఛ కూడా లేకపోతే కంపెనీలు ఎలా బతకాలి?

కాస్త ఊరట 1992లో దొరికింది. 1 కోటీ 70 లక్షల డాలర్లకు దావా వేసి ఒక్క డాలరు గెలిచిన కేసులో, లాయరుకు సున్నా చాలంది సుప్రీంకోర్టు. కంపెనీలు ఆ తీర్పును ఫ్రేము కట్టించుకోవచ్చు.

ఫీజు తగాదా రెండో మహా వ్యాజ్యం కాకూడదని అదే కోర్టు 1983లో కోరుకుంది. జడ్జీలు కళ్ల మీద ఆకుపచ్చ నీడరేకు పెట్టుకుని లెక్కలు చూసే గుమాస్తాలు కానక్కర్లేదని, ఉజ్జాయింపు న్యాయం చాలని 2011లో ఆ కోర్టు జడ్జి జస్టిస్ కేగన్ రాశారు. కంపెనీలు ఎంత గౌరవంగా విన్నాయంటే, ఇప్పుడు ఫీజు అర్జీకి అభ్యంతరం, దానికి జవాబు, ఆ జవాబుకు ఇంకో జవాబు. ఫీజు కోసం పోరాడిన గంటలకు కూడా ఫీజు ఇవ్వాలని చాలా కోర్టులు అంటున్నాయి. కాబట్టి ఆ గంటలూ అర్జీలో చేరతాయి. అవి మరీ ఎక్కువయ్యాయని కంపెనీ తాజాగా పాతిక పేజీల అభ్యంతరం దాఖలు చేస్తుంది.